కుక్ ఐలాండ్స్ ట్రస్టు చట్టం: ఎవరి కోసం రాశారు, ఎవరి కోసం మార్చారు

ఊళ్లో ఫలానా వ్యాపారి ఐపీ పెట్టబోతున్నాడని గుసగుసలు మొదలైతే, అప్పిచ్చినవాళ్లు ముందుగా పరుగెత్తేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు. ఈసీ తీయిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఇల్లు ఆరు నెలల కిందటే భార్య పేరు మీద గిఫ్ట్ డీడ్ అయిపోయి ఉంటుంది. పొలం బావమరిది పేరు మీదికి మారిపోయి ఉంటుంది. అయినా దారి పూర్తిగా మూసుకుపోదు. అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి బదిలీ చేశాడని చూపించగలిగితే ఆ బదిలీని రద్దు చేయమని కోర్టును అడగొచ్చు. మన ఆస్తి బదిలీ చట్టంలోని 53వ సెక్షన్ ఉన్నది అందుకే. ఆ చట్టం 1882 నాటిది. దాని వెనకున్న ఆలోచన ఇంకా పాతది, ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1571లో వచ్చిన శాసనం నుంచి దిగివచ్చింది. ముందు అప్పు తీర్చాలి, ఆ తర్వాతే దానాలు. ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం పాటించే దేశాలన్నీ శతాబ్దాలుగా ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

1989లో ఒక చిన్న దేశం ఈ సూత్రాన్ని దాదాపు తిరగేసి చట్టంగా రాసుకుంది. పసిఫిక్ మహాసముద్రంలో 15 దీవుల కుక్ ఐలాండ్స్ అది. దీవులన్నీ కలిపినా నేల 240 చదరపు కిలోమీటర్లు, జనం 15 వేలు. పెద్ద దీవి రారొటోంగా చుట్టూ వేసిన రోడ్డు పొడవు 32 కిలోమీటర్లు, కారులో గంటలోపే చుట్టేయొచ్చు. 1965 నుంచి న్యూజీలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంలో ఉన్న దేశం. అక్కడి పౌరులకు న్యూజీలాండ్ పౌరసత్వమే ఉంటుంది, వాడే డబ్బు కూడా న్యూజీలాండ్ డాలరే. అమెరికాలో ఆస్తి కాపాడుకునే వ్యాపారం గురించి మాట్లాడే లాయర్ల నోట ఈ దేశం పేరు రాకుండా ఉండదు.

ట్రస్టు అనగానే మనకు గుర్తొచ్చేవి గుడి ట్రస్టు, ఆస్పత్రి ట్రస్టు. ఇక్కడి ట్రస్టు దానధర్మాలకు సంబంధించింది కాదు. ఒకరు ఆస్తి ఇస్తారు, ఇంకొకరు ట్రస్టీగా దాన్ని తన పేరు మీద పెట్టుకుంటారు, దాని ఫలం మాత్రం మూడోవారికి, అంటే లబ్ధిదారులకు చెందుతుంది. పేరు ఒకరిది, సొత్తు ఇంకొకరిది. ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి మనకు బాగా తెలిసిన కేసే ఒకటి ఉంది. 1948 సెప్టెంబరులో, హైదరాబాద్‌పై పోలీసు చర్య జరిగిన రోజుల్లో, నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి పది లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా పేరు మీదున్న బ్యాంకు ఖాతాలోకి మళ్లింది. 71 ఏళ్ల తర్వాత, 2019 అక్టోబరులో, లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఖాతా రహీంతులా పేరు మీద ఉన్నా సొమ్ము ఆయనది కాదు, పాకిస్తాన్‌దీ కాదు, ఏడో నిజాంది అని తేల్చింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లు అయింది. కాగితం మీద పేరు చూసి ఆగిపోకుండా, అసలు హక్కు ఎవరిదని కోర్టు తవ్వి చూడటం ట్రస్టు న్యాయానికి ప్రాణం. ఆ తవ్వకానికి ఎన్ని అడ్డుగోడలు కట్టొచ్చో కుక్ ఐలాండ్స్ చట్టం చూపించింది.

ఈ వ్యాపారానికి అక్కడ పునాది 1981-82లో పడింది. విదేశీయుల కోసం కంపెనీల చట్టం, ట్రస్టీ కంపెనీల చట్టం ఒకేసారి వచ్చాయి. 1984లో అంతర్జాతీయ ట్రస్టుల చట్టం తెచ్చారు. దాని కింద ట్రస్టు పెట్టాలంటే అక్కడ లైసెన్సు ఉన్న ట్రస్టీ కంపెనీ ఉండాలి, లబ్ధిదారుల్లో ఒక్కరు కూడా కుక్ ఐలాండ్స్ నివాసి కాకూడదు. ఈ రెండో షరతును కాస్త ఆగి చూడాలి. రారొటోంగాలో చేపలు పట్టుకునే మనిషి, లాడ్జి నడుపుకునే మనిషి ఈ చట్టాన్ని వాడుకోలేడు. అక్కడి పార్లమెంటు తన ప్రజలకు అక్కర్లేని, తన ప్రజలకు వర్తించని చట్టాన్ని బయటివాళ్ల కోసం తయారుచేసింది.

1980ల్లో అమెరికాలో డాక్టర్ల మీద, బిల్డర్ల మీద, కంపెనీ డైరెక్టర్ల మీద నష్టపరిహారం కేసులు పెరిగాయి. ఇన్సూరెన్స్ ప్రీమియంలు మోయలేనంత అయ్యాయి. కేసు ఓడినా ఆస్తి పోకుండా ఉండే మార్గం కోసం క్లయింట్లు అడగడం మొదలుపెట్టారు. సొంత ఆస్తిని ట్రస్టులో పెట్టి తానే లబ్ధిదారుగా ఉంటానంటే అప్పట్లో అమెరికా రాష్ట్రాల చట్టాలు ఒప్పుకునేవి కావు. అలాంటి ట్రస్టు అప్పులవాళ్ల ముందు చెల్లదు. అందుకే అమెరికాలోని డెన్వర్ లాయర్ల సాయంతో 1989లో కుక్ ఐలాండ్స్ చట్టానికి సవరణ వచ్చింది. ఈ చట్టం గురించి తెలిసినవాళ్లు ఎప్పుడూ చెప్పుకునే 13ఏ, 13బీ, 13సీ, 13డీ లాంటి సెక్షన్లు అప్పుడు చేరినవే.

వాటి సారం ఇది. అమెరికాలోనో ఇంగ్లండులోనో గెలిచిన డిక్రీ, ఈ చట్టానికి విరుద్ధంగా ఉంటే, అక్కడ అమలు కాదు. డిక్రీదారు రారొటోంగా హైకోర్టులో మొదటి నుంచీ మళ్లీ కేసు వేసుకోవాలి. ఆస్తి బదిలీ తనను మోసం చేయడానికే జరిగిందని, దానివల్ల బాకీ ఉన్నవాడి దగ్గర తనకు చెల్లించడానికి ఏమీ మిగలలేదని నిరూపించాలి. ఆ నిరూపణ ఎలా ఉండాలంటే సందేహానికి తావు లేకుండా ఉండాలి, హత్య కేసులో ప్రాసిక్యూషన్ నిరూపించినట్టు. సివిల్ కేసుల్లో ఎక్కడైనా ఏది నిజం అయ్యే అవకాశం ఎక్కువో చూస్తారు. అప్పు కేసులో హత్య కేసు కొలత పెట్టడం మామూలు మార్పు కాదు. మనిషి మనసులో ఏముందో పత్రాలతో ఆ స్థాయిలో నిరూపించడం దాదాపు అసాధ్యం.

గడువు నిబంధన ఇంకా గట్టిది. ఒక ఉదాహరణ తీసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. 2020 జనవరిలో జరిగిన ఆపరేషన్‌లో పొరపాటు జరిగి రోగికి నష్టం కలిగిందనుకుందాం. డాక్టరు 2021 మార్చిలో తన డబ్బును కుక్ ఐలాండ్స్ ట్రస్టులోకి పంపితే, రోగి ఏడాది తిరిగేలోగా, అంటే 2022 మార్చి లోపల, రారొటోంగాలో కేసు వేయాలి. అమెరికాలో మాల్‌ప్రాక్టీస్ కేసు తేలడానికే ఏళ్లు పడుతుంది. ట్రస్టు ఉన్న సంగతి రోగికి తెలిసేసరికే ఆ ఏడాది గడిచిపోతుంది. పోనీ డాక్టరు నష్టం జరిగి రెండేళ్లు గడిచాక, అంటే 2022 జనవరి దాటాక పంపితే, అప్పటికి రోగి ఎక్కడా కేసు వేసి ఉండకపోతే, అసలు మోసం అన్న మాటే ఎత్తడానికి లేదు. ఇక నష్టం జరగకముందే పంపిన డబ్బు గురించి అడిగే దారే లేదు.

13సీ సెక్షన్ చాలామంది దృష్టికి రాదు కానీ అసలు కీలకం అదే. ట్రస్టు పెట్టినవాడు దాన్ని రద్దు చేసే అధికారం, మార్చే అధికారం, అందులోంచి తానే లాభం పొందే హక్కు దగ్గర పెట్టుకున్నా, అంతమాత్రాన ట్రస్టు చెల్లకుండా పోదని ఆ సెక్షన్ చెబుతుంది. ఇచ్చేశానని చెప్పాలి, కానీ చేతిలోంచి జారిపోకూడదు. ఈ రెండు కోరికలూ ఒకేసారి తీరడానికి ఇంగ్లిష్ న్యాయం ఒప్పుకోదు. ఈ చట్టం ఒప్పుకుంది.

చట్టం చేసిన కొన్నాళ్లకే స్థానిక కోర్టుల్లోనే దానికి పరీక్ష ఎదురైంది. కాలిఫోర్నియాలో సౌత్ ఆరంజ్ గ్రోవ్ అనే చిరునామాలో ఫ్లాట్లు కొన్నవాళ్ల అసోసియేషన్ ఒకటి, కట్టడంలో లోపాల మీద బిల్డర్ల పైన డిక్రీ సంపాదించుకుంది. డబ్బు కుక్ ఐలాండ్స్ ట్రస్టుల్లో ఉంది. ఆ అపార్ట్‌మెంట్ వాళ్లు రారొటోంగా దాకా వెళ్లారు. గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నది అక్కడ తేలాల్సిన ప్రశ్న. 1995లో కుక్ ఐలాండ్స్ అప్పీలు కోర్టు ఆ గడియారం డిక్రీ వచ్చిన తేదీ నుంచి తిరుగుతుందన్నట్టుగా చట్టాన్ని చదివింది. ఆ చదువులో అప్పిచ్చినవాళ్లకు కాస్త ఊపిరాడింది. ఆ వెంటనే పార్లమెంటు చట్టాన్ని సవరించింది. గడియారం మొదలయ్యేది నష్టం కలిగించిన పని జరిగిన రోజు నుంచే అని స్పష్టంగా రాసింది. న్యాయమూర్తులు తెరిచిన కిటికీని శాసనసభ మూసేసింది. సంస్కరణ అనే మాటకు ఈ చట్టం చరిత్రలో మొదటి అర్థం ఇదీ. దీన్ని తప్పు దిద్దుకోవడం అనలేం. కస్టమర్ కోరుకున్న వస్తువు కస్టమర్‌కు అందేలా చూడటం అది.

అమెరికా కోర్టులకు ఈ చట్టం మొదటిసారి గట్టిగా తగిలింది 1998లో, అఫర్డబుల్ మీడియా కేసులో. నెవాడాకు చెందిన భార్యాభర్తలు ఒక టెలిమార్కెటింగ్ పథకం నడిపారు. టీవీ ప్రకటనల ద్వారా అమ్మే వస్తువుల్లో 5,000 డాలర్లు పెడితే రెండు మూడు నెలల్లో 50 శాతం లాభం అన్నారు. పెట్టిన డబ్బులో 45 శాతం వాళ్ల కమీషన్. కొత్తవాళ్ల డబ్బు పాతవాళ్లకు లాభంగా ఇచ్చే పద్ధతి. మన చిట్‌ఫండ్ మోసాలు, డిపాజిట్ మోసాలు చూసినవాళ్లకు ఈ కథ కొత్తది కాదు. 1995లోనే ఆ దంపతులు కుక్ ఐలాండ్స్‌లో ట్రస్టు పెట్టుకున్నారు. అక్కడి కంపెనీతో పాటు వాళ్లు కూడా ట్రస్టీలే. 1998 ఏప్రిల్‌లో వ్యాపార మోసాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. డబ్బు వెనక్కి తెప్పించమని జడ్జి ఆదేశించారు.

దంపతులు ట్రస్టీ కంపెనీకి ఫ్యాక్స్ పంపారు. కంపెనీ ఒప్పుకోలేదు. మీరు ఒత్తిడిలో ఉన్నారు, ఒత్తిడిలో ఉన్నవాళ్లు ఇచ్చే ఆదేశం పాటించనక్కర్లేదని ట్రస్టు పత్రంలోనే ఉంది అంది. అంతే కాదు, ఆ క్లాజు ప్రకారమే వాళ్లిద్దరినీ ట్రస్టీలుగా తొలగించింది. కోర్టు ముందు దంపతులు చేతులెత్తేశారు. మా చేతిలో ఏమీ లేదు, ఇవ్వలేం అన్నారు. జడ్జి నమ్మలేదు, జూన్‌లో కోర్టు ధిక్కారం కింద జైలుకు పంపారు. ఆరు నెలల దాకా లోపలే ఉన్నారు. 1999లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు జడ్జి చేసింది సరైనదే అంది. ఆ తీర్పులో రెండు విషయాలు ముఖ్యం. గతంలో పన్ను కట్టడానికి అదే ట్రస్టు నుంచి దంపతులు పది లక్షల డాలర్లకు పైగా తెప్పించుకోగలిగారు. పైగా ఆ ట్రస్టుకు ప్రొటెక్టర్లు, అంటే ట్రస్టీ మీద కన్నేసి ఉంచేవాళ్లు, కూడా వాళ్లే. ఒత్తిడి అనే పరిస్థితి వచ్చిందా లేదా అని తేల్చే అధికారం ప్రొటెక్టర్లదే. తాళం తామే వేసి తాళంచెవి పోయిందని చెప్పడమే ఇది.

ఈ కేసు చూసి కుక్ ఐలాండ్స్ చట్టం ఓడిపోయిందని కొందరు రాశారు. అది పూర్తి నిజం కాదు. జైలుకు వెళ్లింది మనుషులు, ట్రస్టు చెక్కుచెదరలేదు. ఇంటి దగ్గర దొరికే మనిషినే అమెరికా జడ్జి పట్టుకోగలరు, సముద్రానికి అవతల ఉన్న డబ్బు ఆయన చేతికి అందదు. కాబట్టి తర్వాత పెట్టిన ట్రస్టుల్లో అమెరికన్‌ను సహ ట్రస్టీగా, ప్రొటెక్టర్‌గా ఉంచడం మానేశారు. తీర్పు ఆ వ్యాపారానికి పాఠం నేర్పింది.

అమెరికా స్పందన కూడా రెండు నాలుకలతోనే సాగింది. ఇలాంటి ట్రస్టుల్లోకి మోసపు ఉద్దేశంతో పంపిన ఆస్తిని పదేళ్ల వెనక్కి వెళ్లి తిరిగి రాబట్టొచ్చని 2005లో కాంగ్రెస్ దివాలా చట్టంలో రాసింది. కానీ అంతకు ముందే, 1997లో, అలాస్కా రాష్ట్రం తన గడ్డ మీదే సొంతదారుకు సొంత రక్షణ ఇచ్చే ట్రస్టును అనుమతించింది. అదే ఏడాది డెలావేర్ కూడా ఆ బాట పట్టింది. కరీబియన్‌లో నెవిస్ 1994లోనే కుక్ ఐలాండ్స్ నమూనాతో చట్టం చేసింది. చిన్న దీవి కనిపెట్టిన సరుకును పెద్ద దేశంలోని రాష్ట్రాలే తయారుచేయడం మొదలుపెట్టాయి.

రెండో రకం సంస్కరణలు బయటి ప్రభుత్వాల ఒత్తిడి వల్ల వచ్చాయి. న్యూజీలాండ్‌లో 1994లో విన్‌స్టన్ పీటర్స్ అనే ఎంపీ పార్లమెంటు ముందు పెట్టిన, వైన్‌బాక్స్ పత్రాలుగా పేరుపడ్డ కాగితాలు కుక్ ఐలాండ్స్ ద్వారా సాగిన పన్ను లావాదేవీలను బయటపెట్టాయి. ఆ గొడవ ట్రస్టుల గురించి కాదు కానీ దేశం పేరు మీద మచ్చ పడింది. 2000 జూన్‌లో మనీ లాండరింగ్ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ సహకరించని 15 దేశాల జాబితా వేస్తే అందులో కుక్ ఐలాండ్స్ కూడా ఉంది. 2003లో ఆర్థిక పర్యవేక్షణ కమిషన్ ఏర్పాటైంది, అనుమానాస్పద లావాదేవీలు తెలియజేసే చట్టాలు వచ్చాయి, 2005 ఫిబ్రవరిలో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. 2013లో విదేశీ రహస్య కంపెనీల, ట్రస్టుల పత్రాలు ఆఫ్‌షోర్ లీక్స్ పేరుతో బయటికి వచ్చినప్పుడు మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. 2017 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ గ్రే లిస్టులో, అంటే పన్ను పద్ధతులు మార్చుకోవాల్సిన దేశాల జాబితాలో పెట్టింది. బయటివాళ్లకు ఒక పన్ను, ఇక్కడివాళ్లకు ఒక పన్ను ఏమిటన్నది ఫిర్యాదు. ఆ తర్వాత, 2019లో, అంతర్జాతీయ కంపెనీలకున్న పన్ను మినహాయింపు ఎత్తేశారు. 2018 నుంచి ఖాతాల సమాచారం ఇతర దేశాల పన్ను శాఖలకు పంపుతున్నారు.

ఈ వరస చూస్తే దేశం మారిపోయిందనిపిస్తుంది. ఒక కోణంలో మారింది కూడా. కానీ ఈ సంస్కరణలన్నీ ఎవరి కోసమో చూడాలి. పన్ను శాఖ కోసం, పోలీసు కోసం, బ్యాంకు రెగ్యులేటర్ కోసం. డిక్రీ చేతిలో పట్టుకున్న మామూలు మనిషి కోసం ఒక్కటీ రాలేదు. పన్ను సమాచారం వెళ్లేది పన్ను శాఖకే. విడాకుల కోర్టుకు, నష్టపోయిన రోగికి, ఫ్లాటు కొని మోసపోయిన కుటుంబానికి అది అందదు. అమెరికన్లు పెట్టే ఇలాంటి ట్రస్టు పన్ను దాచడానికి పనికి రాదు. ట్రస్టు ఆదాయం పెట్టినవాడి ఆదాయంగానే లెక్క కడతారు. ఫారం 3520, 3520-ఏ నింపి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు చెప్పాల్సిందే. నిజాయితీగా చెప్పేస్తారు కూడా. దాచాల్సింది ప్రభుత్వం దగ్గర కాదు కాబట్టి పారదర్శకత ఎంత పెరిగినా అసలు వ్యాపారానికి దెబ్బ తగలదు. సందేహానికి తావు లేని నిరూపణ, ఒక ఏడాది గడువు, విదేశీ డిక్రీకి తలుపు మూత, ఈ మూడూ అలాగే ఉన్నాయి.

ఆ దేశం వైపు నుంచి చెప్పే మాట కూడా వినాలి. కుక్ ఐలాండ్స్‌లో ఉన్నవాళ్ల కంటే న్యూజీలాండ్‌లో స్థిరపడ్డ కుక్ ఐలాండ్స్ మావోరీలు ఐదింతలు ఎక్కువ, 80 వేలకు పైమాటే. చదువుకున్న పిల్లలు విమానం ఎక్కితే తిరిగి రారు. టూరిజం తప్ప చెప్పుకోదగ్గ ఆదాయం లేని చోట ట్రస్టీ కంపెనీల్లో లాయరు, అకౌంటెంటు ఉద్యోగాలు విలువైనవే. హద్దులు దాటిన నష్టపరిహారం తీర్పుల నుంచి కాపాడుకోవాలనుకునేవాళ్లు అందరూ మోసగాళ్లు కారన్నదీ నిజమే. అయినా ఒక దేశం బతుకుదెరువు ఇంకో దేశంలోని బాధితుడి ఖర్చుతో సాగడాన్ని సమర్థించడం కష్టం.

అమెరికాలో ఈ ట్రస్టులను ఎక్కువగా అమ్మేది డాక్టర్లకు. అక్కడ తెలుగు డాక్టర్లు తక్కువేమీ లేరు కాబట్టి ఈ విషయం మనకు అంత దూరంది కాదు. మాల్‌ప్రాక్టీస్ కేసు వస్తుందేమోనన్న టెన్షన్‌ను ఆసరా చేసుకుని, జడ్జి ఆదేశిస్తే జైలుకు వెళ్లాల్సి రావొచ్చన్న సంగతి చివర్లో చిన్న అక్షరాల్లో చెప్పే అమ్మకం అది. అమెరికా వదిలి ఇండియాకు తిరిగొచ్చేవాళ్లకు మరో చిక్కు. ఇక్కడ ఆర్డినరీ రెసిడెంట్‌గా ఐటీ రిటర్న్ వేసేటప్పుడు విదేశీ ఆస్తులు చూపించే ఎఫ్‌ఏ షెడ్యూల్‌లో విదేశీ ట్రస్టుల కోసం విడిగా ఒక పట్టిక ఉంది. ట్రస్టు పెట్టినవాళ్లయినా, ట్రస్టీ అయినా, లబ్ధిదారు అయినా అందులో చూపించాలి. పిల్లల పేరు మీద ట్రస్టు పెట్టి చెప్పకుండా ఊరుకున్న తండ్రి, లబ్ధిదారైన కొడుకును ఇబ్బందిలో పెట్టినట్టే. 2015 నల్లధనం చట్టం కింద వెల్లడించని విదేశీ ఆస్తి మీద 30 శాతం పన్ను, ఆ పన్నుకు మూడింతల జరిమానా. అంటే ఆస్తి విలువ కంటే ఎక్కువే కట్టాలి. కావాలని ఎగవేసినట్టు తేలితే మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా జైలు.

ఈ చట్టం అసలు బలహీనత బయటపడింది మాత్రం రారొటోంగాలోని ఒక కుటుంబ తగాదాలో. వెబ్ వర్సెస్ వెబ్ అనే ఆ విడాకుల ఆస్తి కేసులో భర్త తన ఆస్తి ట్రస్టుల్లో ఉందని, అది తనది కాదని వాదించాడు. ట్రస్టు పెట్టినవాడు ఆయనే, ట్రస్టీ ఆయనే, లబ్ధిదారుల్లో ఒకడు ఆయనే, కన్సల్టెంట్ అనే పేరుతో ట్రస్టీలను, లబ్ధిదారులను మార్చే అధికారం కూడా ఆయనదే. కేసు కుక్ ఐలాండ్స్‌కు తుది కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 2020 ఆగస్టులో వచ్చిన తీర్పు ప్రకారం, తన చేతిలో ఉంచుకున్న అధికారాలన్నీ కలిపి చూస్తే అవి సొంతదారు హక్కులకు తేడా లేనివి. మిగతా లబ్ధిదారుల మేలు పట్టించుకోకుండా మొత్తం తానే తీసుకోగల మనిషి నిజంగా ఏదీ ఇచ్చేయలేదు. అందువల్ల ఆ ఆస్తి ఆయనదే.

ఆ ట్రస్టులు అంతర్జాతీయ ట్రస్టుల చట్టం కింద పెట్టినవి కావు, మామూలు దేశీయ ట్రస్టులు. కాబట్టి 13సీ సెక్షన్ వాటిని కాపాడటానికి రాలేదు. ఫలితం ఏమిటంటే, ఒకే దేశంలో, ఒకే తుది కోర్టు కింద, అన్నీ చేతిలో పెట్టుకుని ఇచ్చేశానన్న స్థానిక భర్త ఆస్తిలో భార్యకు వాటా దక్కుతుంది. అదే పని చేసిన విదేశీ భర్త, చట్టం కింద రిజిస్టరు చేసుకుని ఉంటే, 13సీని అడ్డు పెట్టుకోగలడు. అలాంటి ట్రస్టు ఒకటి లండన్ దాకా వెళ్తే ఆ సెక్షన్‌ను ప్రివీ కౌన్సిల్ ఎలా చదువుతుందన్నది ఇప్పుడు ఈ రంగంలోని లాయర్లు అడుగుతున్న ప్రశ్న. ఇచ్చేసిన ట్రస్టు చెల్లకుండా పోదని మాత్రమే ఆ సెక్షన్ అంటోందా, అసలు ఇవ్వనిదాన్ని కూడా ట్రస్టు అనమంటోందా అన్నచోట ఆ వాదన నిలుస్తుంది.